ఏటీఎం కార్డు లేకుండా ఆన్‌లైన్‌లో కట్టడానికి వోచర్లు మంచివేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. నరసన్నపేట దగ్గర ఊరు, డిగ్రీ రెండో ఏడాది. బ్యాంకు ఖాతా ఉంది గానీ ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఆన్‌లైన్‌లో ఒకసారి నంబర్ ఇస్తే ఖాతా మొత్తం ఊడ్చేస్తారని నాన్నగారి భయం. నువ్వు కట్టాల్సినవి మూడు: ఫోన్‌లో ఒక చదువు యాప్‌కి చందా, పోటీ పరీక్షల పుస్తకాలు రెండు, ఒక పరీక్ష ఫీజు. వోచర్ కొంటే ఖాతా జోలికి పోకుండా మూడూ కట్టేయొచ్చని స్నేహితుడు చెప్పాడు. టెలిగ్రామ్‌లో ఎవరో వెయ్యి రూపాయల వోచర్ 750కే ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా అని అడిగావు.

టెలిగ్రామ్ వోచర్ కొనొద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను. శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా రీఛార్జ్ షాపు నడుపుతూ బ్యాంక్ మిత్ర పని (బ్యాంకు తరఫున జనానికి డబ్బు వేయడం, తీయడం) కూడా చేస్తున్నాను. వోచర్లు అమ్మేది నేనే, వోచర్లతో మోసపోయి ఏడుస్తూ వచ్చేవాళ్లను చూసేదీ నేనే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

వోచర్ అంటే ముందే డబ్బు కట్టి కొనుక్కునే ఒక కోడ్. ఇదివరకు టాప్‌అప్ కార్డు కొని, వెండి రంగు పూత గోటితో గీకి, ఆ నంబర్ ఫోన్‌లో కొట్టేవాళ్లం. మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. ఇదీ అదే పద్ధతి. ఐదు వందలకు కొంటే ఆ కోడ్‌లో ఐదు వందలే ఉంటాయి. నువ్వు కొనే సైట్‌కి నీ కార్డు నంబర్ తెలియదు, ఖాతా నంబర్ తెలియదు. రేపు ఆ సైట్‌లోని వివరాలు ఎవరైనా దొంగిలించినా నీ బ్యాంకు ఖాతా దాకా రాలేరు. పోతే ఆ ఐదు వందలే పోతాయి. నాన్నగారి భయానికి ఈ ఒక్క విషయంలో వోచర్ సరైన సమాధానమే.

రెండో వైపు కూడా చూడు. కోడ్ మీద పేరుండదు. కొట్టేటప్పుడు నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చి ఆపదు. ఎవరు ముందు కొడితే డబ్బు వాళ్లది. బ్యాంకు నుంచి తప్పు ఖాతాకి పంపితే కనీసం ఎవరికి వెళ్లిందో తెలుస్తుంది, ఆపించే ప్రయత్నం చేయొచ్చు. కోడ్ వేరేవాళ్లు వాడేస్తే నీ చేతిలో మిగిలేది బిల్లు ఒక్కటే. కాబట్టి కొన్న వోచర్‌ని జేబులో, గ్యాలరీలో దాచుకోకూడదు. షాపులో నిలబడే నీ అకౌంట్‌లో కొట్టుకుని, బ్యాలెన్స్ పడిందో లేదో చూసుకుని బయటికి రావాలి. మా షాపులో ఈ అలవాటు నేను అందరికీ చేయించాను. కొంతమంది విసుక్కుంటారు, అయినా చేయిస్తాను.

అన్ని వోచర్లూ ఒకటి కావు. ఒకే కంపెనీ తన దగ్గర మాత్రమే చెల్లేలా ఇచ్చేవి కొన్ని ఉంటాయి. బట్టల షాపు, బేకరీ ఇచ్చే కూపన్లు అలాంటివి. వీటికి రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు, దాని పర్యవేక్షణా ఉండదు. ఆ కంపెనీ మూసేస్తే మన డబ్బుకి దిక్కు లేదు. చాలా చోట్ల చెల్లే గిఫ్ట్ కార్డులు, వాలెట్లు (ఫోన్‌లో డబ్బు నింపుకుని వాడుకునేవి) మాత్రం రిజర్వ్ బ్యాంకు 2021లో ఇచ్చిన ప్రీపెయిడ్ నిబంధనల కిందికి వస్తాయి. వాటి ప్రకారం ఒక్కో గిఫ్ట్ కార్డు విలువ పది వేలు మించకూడదు. అందులో మళ్లీ డబ్బు నింపడానికి లేదు, నగదుగా తీయడానికి లేదు, ఇంకొకరి ఖాతాకి పంపడానికీ లేదు. గడువు కనీసం ఒక సంవత్సరం ఉండాలి. ‘గిఫ్ట్ కార్డు ఇవ్వండి, బ్యాంకులో వేస్తాం’ అని ఎవరైనా అంటే అది నిబంధనల్లో లేని పని అని అక్కడే తెలుసుకోవాలి.

పేరు, ఫోన్ నంబర్, ఏదో ఒక గుర్తింపు కార్డు నంబర్ చెప్పి తెరిచే చిన్న వాలెట్ ఇంకోటి ఉంది. అందులో ఎప్పుడైనా పది వేలకు మించి ఉండకూడదు, నెలకు పది వేలకు మించి నింపకూడదు, కొనుగోళ్లకే వాడాలి. పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) చేయిస్తే రెండు లక్షల దాకా ఉంచుకోవచ్చు. నీకు ఇప్పుడు అంత అవసరం లేదు. ప్రభుత్వం 2021 ఆగస్టులో తెచ్చిన ఈ-రూపీ వోచర్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అది ఒక ఫలానా మనిషికి, ఫలానా పనికోసం మెసేజ్‌గానో క్యూఆర్‌గానో పంపేది. నీ మూడు పనులకీ అది కాదు.

ఇప్పుడు టెలిగ్రామ్ సంగతి. వెయ్యి రూపాయల కోడ్‌ని ఎవరైనా 750కి ఎందుకు అమ్ముతారు? కంపెనీలే పండగలకి ఏదో కొద్దిగా తగ్గిస్తే గొప్ప. పావు వంతు తగ్గించి అమ్మేవాడికి ఆ కోడ్ ఉచితంగానో, దొంగతనంగానో వచ్చి ఉండాలి. ఎవరి కార్డో కొట్టేసి కొన్నవి, ఎవరినో బెదిరించి రాయించుకున్నవి ఈ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అసలు మనిషి ఫిర్యాదు చేశాక కంపెనీ ఆ బ్యాలెన్స్‌ని రద్దు చేస్తుంది, ఒక్కోసారి కోడ్ కొట్టుకున్న అకౌంట్‌నే ఆపేస్తుంది. నీ 750 పోవడమే కాకుండా, దొంగ సొమ్ము నీ పేరుతో ఉన్న అకౌంట్‌లో పడినట్టు రికార్డు మిగులుతుంది. ఒకే కోడ్‌ని పది మందికి అమ్మేవాళ్లు ఇంకో రకం, వాళ్ల దగ్గర ముందు కొట్టినవాడికే డబ్బు. ‘ఫ్రీ కోడ్ జనరేటర్’ అని కనిపించే సైట్లు ఏవీ పనిచేయవు. ‘మీ కార్డు బ్యాలెన్స్ చూసుకోండి’ అనే అనామక సైట్లయితే మరీ ప్రమాదం, అక్కడ కోడ్ కొట్టడమంటే దొంగ చేతికి ఇవ్వడమే. బ్యాలెన్స్ చూడాలంటే కార్డు ఇచ్చిన కంపెనీ యాప్‌లోనే చూడు.

ఆ మధ్య మా షాపులో జరిగింది చెబుతాను. ఆమదాలవలస వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చొక్కా జేబులో ఫోన్, కాల్ నడుస్తూనే ఉంది. ‘నాయనా, అయిదేలకి గూగుల్ కార్డొకటి ఇయ్యి, బేగి కావాల’ అన్నారు. గూగుల్ కార్డుతో మీకేం పని అని అడిగితే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి చెప్పారు. కొడుక్కి విశాఖలో కొలువు వచ్చిందట, దానికి డిపాజిట్టట. కార్డు మీద నంబర్ ఫొటో తీసి ఆఫీసరుకి వాట్సాప్‌లో పెట్టాలట. షాపు అతనికి ఏమీ చెప్పొద్దని కూడా ఆ ఆఫీసరు చెప్పాడట. చేతిలో డబ్బు రెండు మడతలు పెట్టి పట్టుకుని ఉన్నారు. ‘బాబాయ్, కంపెనీ పేరు మీదున్న బ్యాంకు ఖాతా నంబర్ చెప్పమనండి, ఇక్కడినుంచే వేసేస్తాను, రసీదు కూడా ఇస్తాను’ అన్నాను. ఆయన ఫోన్‌లో అదే అడిగారు. అవతలివాడు కాల్ కట్ చేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పెద్దాయన కాసేపు బల్ల మీద కూర్చుని, కొడుక్కి ఫోన్ చేసి, అప్పుడు వెళ్లారు.

వాళ్లు బ్యాంకు ఖాతా ఎందుకు చెప్పరో అర్థమైంది కదా. ఖాతాలో పడిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో జాడ ఉంటుంది, వెంటనే ఫిర్యాదు చేస్తే ఆపొచ్చు. కోడ్ అయితే నిమిషాల్లో ఇంకొకరికి అమ్మేస్తారు. మన ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, పోలీసు జరిమానా, కోర్టు ఫీజు, ఉద్యోగం, లోను, పార్శిల్ కస్టమ్స్, ఇవేవీ గిఫ్ట్ కోడ్‌తో కట్టేవి కావు. పోలీసులమని వీడియో కాల్ చేసి బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలోనే లేదు. పెద్ద అధికారి ఫొటోని డీపీగా పెట్టి, ‘మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా నాలుగు గిఫ్ట్ కార్డులు కొని పంపు’ అని కింది ఉద్యోగులకు మెసేజ్ పెట్టే మోసం కూడా బాగా పాకింది. గిఫ్ట్ కోడ్‌ని ఫోన్‌లో చదివి వినిపించమని కానీ, ఫొటో పెట్టమని కానీ అడిగేవాడు ఎవరైనా మోసగాడే. ఇందులో నాకు ఎలాంటి సందేహం లేదు.

గల్ఫ్‌లో పనిచేసే అన్నయ్యలు, బావలు అక్కడ కొన్న కార్డు ఫొటో తీసి ఇంటికి పంపడం ఉద్దానం వైపు చూస్తుంటాను. ప్రేమతోనే పంపుతారు, కానీ అవి ఇక్కడ చెల్లవు. గూగుల్ ప్లే కోడ్ ఏ దేశంలో కొంటే ఆ దేశపు అకౌంట్‌లోనే పడుతుంది. పైగా కుటుంబం గ్రూపులో ఫొటో పెడితే అందులో ఎంతమంది ఉంటే అంతమందీ కోడ్ చూసినట్టే. యూరప్‌లో పేసేఫ్‌కార్డ్ అని ఒకటుంది, ఆస్ట్రియాలో 2000లో మొదలైంది. దుకాణంలో నగదు ఇచ్చి, 16 అంకెల పిన్ ఉన్న చీటీ తెచ్చుకుని ఆన్‌లైన్‌లో కడతారు. దాని గురించి యూట్యూబ్‌లో చూసి ఇక్కడ వెతికేవాళ్లు ఉన్నారు. మన దగ్గర అలాంటి పేర్లతో కోడ్ అడిగేవి ఎక్కువగా బెట్టింగ్ సైట్లే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2020 నుంచే నిషేధం ఉంది. ఆ వైపు అసలు చూడకు.

ఇక నీ మూడు పనులు. యాప్ చందాకి గూగుల్ ప్లే కోడ్ బాగా సరిపోతుంది. రీఛార్జ్ చేసే షాపుల్లో దొరుకుతుంది, ముద్రించిన విలువకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వకు. ముందు యాప్‌లో చందా ఎంతో చూసుకుని, అంతకి దగ్గరగా ఉండే విలువకే కొను. 449 రూపాయల చందాకి 500 కోడ్ కొంటే మిగిలిన 51 రూపాయలు అక్కడే ఉండిపోతాయి, వెనక్కి రావు. చందా నెలనెలా దానంతటదే కట్టే రకమైతే, పని అయిపోయిన రోజే ప్లే స్టోర్‌లోకి వెళ్లి ఆపెయ్యి. యాప్‌ని డిలీట్ చేస్తే చందా ఆగదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇంకొకటి, యాప్‌వాళ్ల మనిషి ఫోన్ చేసి ‘కోడ్ నాకు చెప్పండి, నేనే యాక్టివేట్ చేస్తాను’ అంటే వినకు. కోడ్ కొట్టాల్సింది నీ ప్లే స్టోర్‌లో నువ్వే.

పుస్తకాలకు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ గిఫ్ట్ కార్డులు పనిచేస్తాయి. ఫ్లిప్‌కార్ట్ దానికి కార్డు నంబర్, పిన్ రెండూ ఉంటాయి, అమెజాన్‌ది ఒకటే కోడ్. పెద్ద షాపుల్లో వేలాడదీసిన కార్డు తీసుకుంటే పూత ఎక్కడైనా గీకి ఉందేమో, స్టిక్కర్ మీద స్టిక్కర్ అతికించి ఉందేమో వెలుతురులో తిప్పి చూడు. బిల్లు కొట్టి యాక్టివేట్ చేసేదాకా అలాంటి కార్డులో డబ్బు ఉండదు, కాబట్టి బిల్లు తప్పకుండా తీసుకో. నా మాట అడిగితే పుస్తకాలకు వోచర్ కూడా అక్కర్లేదు. క్యాష్ ఆన్ డెలివరీ ఉన్న అమ్మకందారు దగ్గర తీసుకో, పార్శిల్ వచ్చినప్పుడు నాన్నగారే డబ్బు ఇస్తారు. ఆర్డర్ పెట్టనివాళ్ల పేరుతో పార్శిల్ వస్తే మాత్రం డబ్బు ఇవ్వొద్దని ఇంట్లో చెప్పి ఉంచు.

పరీక్ష ఫీజుకి వోచర్ పనికిరాదు. యూనివర్సిటీ పోర్టల్, రిక్రూట్‌మెంట్ బోర్డుల సైట్లు అమెజాన్ కోడ్, గూగుల్ ప్లే కోడ్ తీసుకోవు. ‘వోచర్ ఇస్తే ఫీజు మేం కట్టేస్తాం’ అనేవాడు మోసగాడే అనుకో. ఈ ఒక్క పనికోసమైనా నీకు యూపీఐ కావాలి. ఏటీఎం కార్డు లేకుండానే యూపీఐ పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు.

యూపీఐ యాప్‌లో బ్యాంకుని ఎంచుకున్నాక పిన్ పెట్టుకోవడానికి రెండు దారులు చూపిస్తుంది. ఒకటి డెబిట్ కార్డు, రెండోది ఆధార్ ఓటీపీ. రెండోది నొక్కి ఆధార్‌లోని మొదటి ఆరు అంకెలు కొడితే ఓటీపీ వస్తుంది, దానితో పిన్ పెట్టుకోవచ్చు. దీనికి ఒక షరతు ఉంది. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబర్, ఆధార్‌కి ఉన్న నంబర్ ఒకటే అయి ఉండాలి, ఆ సిమ్ నీ ఫోన్‌లోనే ఉండాలి. మన ఊళ్లలో ఎక్కువమందికి పని ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌కి నాన్న నంబర్, బ్యాంకుకి పాత నంబర్, చేతిలో మూడో నంబర్. ముందు ఆధార్ కేంద్రంలో నంబర్ మార్పించుకుని, తర్వాత బ్యాంకులో అదే నంబర్ ఇవ్వు.

నాన్నగారి భయం పోవాలంటే ఇంకో మార్గం చెబుతాను, వోచర్ కంటే నాకు ఇదే నచ్చుతుంది. ఇంటి డబ్బున్న ఖాతాని యూపీఐకి కలపకండి. నీ పేరు మీద పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరువు. ఆధార్, వేలిముద్రతో తెరుస్తారు, కనీస నిల్వ అక్కర్లేదు, పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కూడా చేస్తారు. యూపీఐకి ఆ ఖాతా ఒక్కటే కలుపు. ఫీజు కట్టాల్సిన రోజు ఫీజు ఎంతో అంతే అందులో వేయించుకో. ఎవడు ఏం చేసినా పోయేది ఆ కొంచెమే. వోచర్‌లో ఉన్న లాభం ఇందులోనూ ఉంది, పైగా ప్రతి రూపాయికీ రికార్డు ఉంటుంది.

ఖాతా తెరిచే ఓపిక లేకపోతే యూపీఐ సర్కిల్ ఉంది, 2024లో వచ్చింది. నాన్నగారికో అన్నయ్యకో యూపీఐ ఉంటే, వాళ్ల ఖాతా నుంచి నువ్వు కట్టేలా నిన్ను చేర్చుకోవచ్చు. నువ్వు కట్టబోయే ప్రతిసారీ వాళ్ల ఫోన్‌కి అడుగుతుంది, వాళ్లు పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. అలా అడగకుండా ఒక పరిమితి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అందులో నెలకు పదిహేను వేలు, ఒక్కసారికి ఐదు వేలు మించదు. నాన్నగారి మనసు కుదుటపడాలంటే మొదటి పద్ధతే మేలు.

ఏటీఎం కార్డుకి ఏటా చార్జీ అని వద్దనుకున్నావేమో. నీది జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతా అయితే కార్డు ఉచితంగా ఇవ్వాలి, ఏడాది చార్జీ ఉండకూడదు. బ్యాంకుకి వెళ్లి నీ ఖాతా ఏ రకమో అడుగు.

నెట్ సెంటర్‌లో వాళ్ల కార్డుతో ఫీజు కట్టిస్తే ఒక మెలిక ఉంది. డబ్బు తిరిగి రావాల్సి వస్తే కట్టిన కార్డుకే వెళుతుంది, నీకు రాదు. సెంటర్ పేరు, తేదీ, ట్రాన్సాక్షన్ నంబర్ ఉన్న రసీదు తీసుకో. వోచర్‌తో కొన్న వస్తువు వెనక్కి ఇచ్చినా ఇంతే, డబ్బు గిఫ్ట్ బ్యాలెన్స్‌లోకే వస్తుంది గానీ నగదుగా రాదు. పోర్టల్‌లో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే టెన్షన్ పడి వెంటనే రెండోసారి కట్టొద్దు, ముందు పోర్టల్‌లో స్టేటస్ చూడు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయడం మాత్రం అసలు వద్దు, అక్కడ పైన కనిపించే నంబర్లలో దొంగ నంబర్లు చాలా ఉంటాయి.

ఒకవేళ ఎప్పుడైనా కోడ్ పోయినా, వాలెట్‌లో తెలియని ఖర్చు కనిపించినా చేయాల్సింది ఇది. మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చేస్తే అంత ఉపయోగం, మర్నాటి దాకా ఆగొద్దు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాసి నంబర్ తీసుకో. అదే సమయంలో వోచర్ ఇచ్చిన కంపెనీకి కోడ్, బిల్లు వివరాలు చెప్పి ఆపమను, ఇంకా ఎవరూ వాడకపోతే ఆగే అవకాశం ఉంది. వాలెట్ల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2019 నుంచి అమలు చేస్తున్న నియమం ఒకటి గుర్తుంచుకో. నీ తప్పూ కంపెనీ తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయిందనుకో, మూడు రోజుల్లోపు చెబితే నీకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా పది వేల వరకు నీ మీద పడొచ్చు. కానీ పిన్ గానీ ఓటీపీ గానీ నువ్వే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా నీదే. నియంత్రణలో ఉన్న వాలెట్ కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు.

నీ పరీక్ష ఫీజుకి చివరి తేదీ ఎప్పుడో రాయలేదు. దగ్గర్లో ఉంటే ముందు ఆ పని చూడు, ఆధార్ నంబర్ మార్పుకి కొన్ని రోజులు పడుతుంది. మీ బ్యాంకు ఏదో, ఆధార్‌కి ఎవరి ఫోన్ నంబర్ ఉందో చెప్పు (నంబర్ రాయకు, నీదా నాన్నదా అన్నది చాలు). పిన్ పెట్టుకునేటప్పుడు ఎక్కడైనా ఆగితే తెరపై ఏమని వచ్చిందో అలాగే రాయి, దాన్నిబట్టి చెబుతాను.